ఇండియా ర్యాంకు 4వదా, 130వదా? ఈ లెక్కల గురించి మీకు తెలిసింది చెప్పండి (చర్చ)

అశోక్‌నగర్_రీడర్:
గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఎకానమీ నోట్స్ రాస్తుంటే మన దేశం ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తోంది. మొత్తం జీడీపీలో ప్రపంచంలో 4, 5 స్థానాల దగ్గర ఉన్నాం. గినీ సూచిక (అసమానత కొలత, ఎంత తక్కువైతే అంత సమానత్వం) 25.5 కాబట్టి సమానత్వంలో మనది 4వ స్థానమని 2025 జూలైలో కేంద్రం ప్రకటించింది. 2025 మానవాభివృద్ధి నివేదిక సూచికలో చూస్తే 193 దేశాల్లో 130. 2024 ఆకలి సూచికలో 127 దేశాల్లో 105. జవాబులో దేన్ని ముందు పెట్టాలో అర్థం కాక టెన్షన్‌గా ఉంది. పుస్తకాల్లో ఉన్నది ఎలాగూ చదువుకుంటాను. ఈ లెక్కలతో పని చేసినవాళ్లు, పై ర్యాంకుల దేశాల్లో బతుకుతున్నవాళ్లు ఏం చూశారో చెప్తే మేలు చేసినవాళ్లవుతారు.

డోర్‌నంబర్:
తమ్ముడూ, ఆ 25.5కి మూలం 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే. అందులో ఇంటింటికీ తిరిగినవాణ్ణి. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లేవాళ్లం. ఒకసారి తిండి లెక్క, ఒకసారి సబ్బులు, కరెంటు, ఫీజులు, ఆస్పత్రి లెక్క, ఇంకోసారి బట్టలు, ఫోన్లు, ఫ్రిజ్‌ల లెక్క. నూనె, గుడ్లు, కూరగాయలు గడిచిన ఏడు రోజులకి అడగాలి. బియ్యం నెలకి, బట్టలు ఏడాదికి.

పల్లెలో ఇల్లాలు డబ్బా మూత తీసి చూపించి మరీ చెప్తుంది. "మొన్న సంతలో కిలో కందిపప్పు తెచ్చినం, ఇంకా పావుకిలో ఉంటది" అంటుంది. తూకం వేసినట్టే ఉంటుంది ఆ జవాబు. సిటీలో పెద్ద అపార్ట్‌మెంట్లకి వెళ్తే సెక్యూరిటీని దాటడమే గగనం. లోపలికి రానిచ్చినా నెలకి నూనె ఎంత అవుతుందో వంటమనిషికి తెలియాలి గానీ ఇంటివాళ్లకి తెలియదు.

ఆ ఏడాది పట్టణాల్లో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే పై 5 శాతం మంది సగటు, మనిషికి నెలకి 20,824 రూపాయలని వచ్చింది. నలుగురున్న ఇంటికి 83 వేలు. దేశంలోని పట్టణాలన్నిటిలో పైమెట్టు మీద ఉన్నవాళ్ల ఖర్చు ఇంతేనంటే, కొండాపూర్‌లో అద్దెలు కట్టేవాళ్లు ఎవరూ ఒప్పుకోరు. కింది 5 శాతం లెక్క మాత్రం, పల్లెల్లో 1,373, పట్టణాల్లో 2,001, నేను చూసిన ఇళ్లకి దగ్గరగానే ఉంది.

సీమ_లెక్చరర్:
సర్ చెప్పిందే అసలు సంగతి. మన గినీని ఖర్చు మీద కట్టారు. అమెరికా, బ్రెజిల్ గినీలు ఆదాయం మీద కట్టినవి. నెలకి 20 వేలు వచ్చే ఇల్లు ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తుంది. 10 లక్షలు వచ్చే ఇల్లు అంతకి యాభై రెట్లు తినదు. మిగిలింది ఫ్లాట్లు, షేర్లు, బంగారం అవుతుంది. ఖర్చులో తేడా ఎప్పుడూ ఆదాయంలో తేడా కంటే తక్కువే కనిపిస్తుంది. ఆ రెండు రకాల దేశాలనీ ఒకే వరుసలో నిలబెట్టి 4వ స్థానం అనడం సరికాదని నా అభిప్రాయం.

ఆదాయం వైపు నుంచి చూసిన లెక్క కూడా ఉంది. ఫ్రెంచ్ ఆర్థికవేత్త పికెటీ, మరికొందరు కలిసి 2024 మార్చిలో ఇచ్చిన పత్రం ప్రకారం 2022-23లో పై 1 శాతం చేతిలో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉంది. దానికీ విమర్శలున్నాయి. మన దగ్గర ఐటీ రిటర్నులు వేసేవాళ్లే తక్కువ, మిగతావాళ్ల ఆదాయాన్ని సర్వేల నుంచి అంచనా కట్టాలి. అయినా జవాబులో రెండూ పక్కపక్కన రాయి. మానవాభివృద్ధి నివేదిక కూడా మనకిచ్చిన 0.685 విలువలోంచి అసమానతల వల్ల 30.7 శాతం కోత పడుతుందని చెప్తోంది.

డబ్లిన్_ప్రవాసి:
తలసరి జీడీపీలో ఐర్లాండ్ ఎప్పుడూ పై వరుసలోనే ఉంటుంది. నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఇల్లు దొరక్క ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకుంటున్నారు. 2015లో ఈ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో దాదాపు 26 శాతం పెరిగినట్టు లెక్క వచ్చింది. ఆ ఏడాది ఎవరి జీతమూ అలా పెరగలేదు. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లనీ, ఇతర మేధో ఆస్తులనీ ఇక్కడి ఖాతాల్లోకి మార్చుకున్నాయి, అంతే. జీడీపీ చూస్తే దేశం సంగతి తెలియడం లేదని ఐర్లాండ్ గణాంక శాఖే ఒప్పుకుని, కంపెనీల ఆ లాభాలని పక్కనపెట్టి "సవరించిన జాతీయ ఆదాయం" అని వేరే లెక్క మొదలుపెట్టింది. ఒక దేశం తన లెక్క తనే దిద్దుకోవడం నాకు బాగా నచ్చింది. మీ జవాబులో ఇదొక ఉదాహరణగా పనికొస్తుంది.

సీమ_లెక్చరర్:
తెలంగాణ జిల్లాల తలసరి పట్టిక కూడా ఇలాంటిదే. రంగారెడ్డి మొదటి స్థానంలో ఉంటుంది, ఎందుకంటే గచ్చిబౌలి, కొండాపూర్ ఆఫీసులన్నీ ఆ జిల్లా లెక్కలోకే వస్తాయి. అదే జిల్లాలో మెట్ట చేను చేసుకునే రైతుకి ఆ ర్యాంకుతో ఒరిగేదేం లేదు.

జగిత్యాల_టు_దోహా:
అన్నా, నేను ఖతార్‌లో ఏసీ మెకానిక్‌ని. తలసరి ఆదాయంలో ఈ దేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉంటుందని విన్నాను. ఇక్కడి జనంలో చాలామంది మాలాంటి బయటివాళ్లే. 2021 మార్చి నుంచి కనీస జీతం నెలకి 1,000 రియాళ్లు. వసతి, తిండి కంపెనీ ఇవ్వకపోతే ఇంకో 500, 300 ఇవ్వాలి. తలసరి లెక్క కట్టేటప్పుడు మా తలలూ కలుపుతారు, కానీ క్యాంపులో ఉండేవాడి చేతికి ఆ సగటులో ఏ ముక్కా అందదు.

నాకో అనుమానం. నేను ఇంటికి పంపే డబ్బు ఏ దేశం లెక్కలోకి వస్తుంది?

సీమ_లెక్చరర్:
మంచి ప్రశ్న తమ్ముడూ. నీ పని ఖతార్ జీడీపీలోకి వెళ్తుంది. నువ్వు పంపేది మన జీడీపీలో నేరుగా కలవదు. కానీ మీ అమ్మ దానితో సరుకులు కొంటే ఆ కొనుగోలు వినియోగ సర్వేలో నమోదవుతుంది. 2023-24లో బయటి దేశాల నుంచి మనవాళ్లు పంపింది 118.7 బిలియన్ డాలర్లు. ఆ సొమ్ము చేరే ఊళ్లలో పేదరికం తగ్గిందంటే, దాని వెనక ఎడారిలో చేసిన చాకిరీ ఉంది. ర్యాంకుల పట్టికల్లో ఆ మాట ఎక్కడా ఉండదు.

అశోక్‌నగర్_రీడర్:
సర్, ప్రపంచ బ్యాంకు పేదరిక రేఖ గురించి కూడా. రోజుకి 3 డాలర్లంటే దాదాపు 250 రూపాయలు కదా? మా ఊళ్లో అంతకంటే తక్కువతో గడిపేవాళ్లు చాలామంది. మరి ఆ బ్యాంకు లెక్కలో దేశంలో 5.3 శాతమే పేదలని ఎలా వచ్చింది?

సీమ_లెక్చరర్:
బ్యాంకు మారకం రేటు వాడకూడదు. ఇది కొనుగోలు శక్తి లెక్క. అమెరికాలో 3 డాలర్లకి దొరికేది ఇక్కడ ఎంతకి దొరుకుతుందని చూస్తారు. 2021 ధరల్లో అది 60 రూపాయల పైచిలుకు. నెలకి మనిషికి రెండు వేలు కూడా కాదు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో రేఖని 2.15 నుంచి 3 డాలర్లకి పెంచింది. కొత్త రేఖ మీద 2011-12లో 27.1 శాతం పేదలుంటే 2022-23లో 5.3 శాతం. తగ్గిన మాట నిజం, దాన్ని కాదనొద్దు. కానీ రేఖని 4.20 డాలర్లకి జరిపితే, అంటే రోజుకి 25 రూపాయలు కూడా పెరగకుండానే, 5.3 కాస్తా 23.9 అవుతుంది. అంతమంది రేఖని ఆనుకునే ఉన్నారన్నమాట. ఇంట్లో ఒకరికి ఆపరేషన్ పడితే మళ్లీ కిందికే. జవాబులో ఈ ఒక్క పోలిక రాసినా చాలు.

ఇంకో జాగ్రత్త. డోర్‌నంబర్ సర్ చెప్పిన ఏడు రోజుల ప్రశ్నల పద్ధతిలో ఖర్చు ఎక్కువ నమోదవుతుంది. అందుకే పాత సర్వేతో పోల్చేటప్పుడు ఏ పద్ధతి అని అడగాలి.

మన్యం_అంగన్‌వాడీ:
ఆకలి సూచిక గురించి నేను చెప్తాను. నాలుగు కొలతల్లో మూడు పిల్లలవే. వయసుకి తగ్గ ఎత్తు, ఎత్తుకి తగ్గ బరువు, అయిదేళ్లలోపు మరణాలు. నాలుగోది జనాభాలో చాలినంత తిండి అందనివాళ్ల శాతం. ఎత్తు కొలవడం చాలా ఓపిక పని. రెండేళ్లలోపు బిడ్డని బోర్డు మీద పడుకోబెట్టి తల ఒకరు పట్టుకోవాలి, మోకాళ్లు ఒకరు నొక్కాలి. ఏడ్చి కాళ్లు ముడుచుకుంటే సెంటీమీటరు తగ్గుతుంది. రెండేళ్లు దాటితే నిలబెట్టి కొలవాలి.

ఎత్తుకి తగ్గ బరువు లేని పిల్లలు ఈ సూచికలో 18.7 శాతం. అంగన్‌వాడీల యాప్ పోషణ్ ట్రాకర్‌లో అది 7.2 శాతం దాటలేదని 2023లో ప్రభుత్వం అంది. ట్రాకర్‌లోకి వచ్చేది అంగన్‌వాడీకి వచ్చే పిల్లల లెక్క, మిగతా ఇళ్ల పిల్లలు అందులో ఉండరు. ర్యాంకు 105 కావచ్చు, 95 కావచ్చు, నేను దాని గురించి వాదించను. మన సొంత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే (2019-21) వందకి 35 మంది పిల్లలు వయసుకి తగ్గ ఎత్తు లేరు. మా కొండ మీద ఆ పిల్లల్ని రోజూ చూస్తున్నాను. మూడేళ్ల పాపకి రెండేళ్ల పాప గౌను సరిపోతోంది.

అశోక్‌నగర్_రీడర్:
అక్కా, ఆ చివరి మాట నోట్స్‌లో రాసుకున్నాను. డోర్‌నంబర్ అన్నా, ఒక్క సందేహం. ధనవంతుల గేట్లు తెరుచుకోకపోతే ఆ ఇళ్లు లెక్కలోంచి పోయినట్టేనా?

డోర్‌నంబర్:
పూర్తిగా కాదు. ఒక ఇల్లు కుదరకపోతే అదే వర్గంలోంచి ఇంకో ఇల్లు తీసుకుంటాం. 2022-23 నుంచి పట్టణాల్లో ఆ వర్గాలని కారు చూసి విడదీస్తున్నారు. సొంతానికి వాడే 10 లక్షల పైన ధర ఉన్న కారు ఉన్నవాళ్లు ఒక వర్గం, తక్కువ ధర కారు ఉన్నవాళ్లు ఒకటి, లేనివాళ్లు ఒకటి. పల్లెల్లో భూమిని బట్టి. ముందుకంటే ఇది మెరుగే. అయితే 12 లక్షల కారు కొన్న ఉద్యోగీ, అయిదు కార్లున్న వ్యాపారీ ఒకే వర్గంలోకి వస్తారు. తలుపు తీసేది ఎక్కువగా మొదటివాడే.