తేలినీలాపురం కొంగల వీడియో: ఊగే కొమ్మల్లోంచి పక్షుల్ని వేరు చేయడం ఎలా?

టెక్కలి కెమెరా:
శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల గూళ్లవైపు స్టాండు మీద కదలకుండా పెట్టిన కెమెరా. 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు, కుదించే పద్ధతి హెచ్.264. ఫైల్లోని మోషన్ వెక్టర్లను (ఫ్రేములోని ఒక్కో చిన్న ముక్కకు, అంటే బ్లాకుకు, పోలిక వేరే ఫ్రేములో ఎక్కడ దొరికిందో చూపే బాణాలు) ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంతో తీసి, కదిలిన బ్లాకులను పక్షులుగా మాస్క్ (కావలసిన భాగాన్ని గుర్తించే ముసుగు) గీస్తే కొమ్మలూ, ఖాళీ ఆకాశమూ కూడా వచ్చేస్తున్నాయి. రెండు సెకన్లకోసారి మాస్క్ మొత్తం మాయం. థ్రెషోల్డ్ (కదలికగా లెక్కించే కనీస పొడవు) పెంచితే పెలికాన్లే పోతున్నాయి.

నాగావళి గట్టు:
వీడియోను కుదించే ఎన్‌కోడరుకి అసలు కదలికతో పనిలేదండీ. ఈ బ్లాకును పోలిన ముక్క పాత ఫ్రేములో ఎక్కడ దొరికితే తక్కువ బిట్లు పడతాయో, దానికి అదే కావాలి. ఆకాశంలో ఎటు చూసినా తేడా దాదాపు ఒకటే కాబట్టి నాయిస్ ఎటు తోస్తే వెక్టర్ అటు. బ్లాకు లోపల వేరియన్స్ (పిక్సెళ్ల విలువల్లో తేడా) చూసి, చదునైనవాటి వెక్టర్లు ముందే తీసేయండి.

రెండు సెకన్ల సంగతి: మీకు 50 ఫ్రేములకో ఐ-ఫ్రేము (వేరే ఫ్రేముల సాయం లేకుండా పూర్తిగా దాచేది) పడుతోంది. అందులో వెక్టర్లే ఉండవు, ముందు ఫ్రేము మాస్క్‌నే కొనసాగించాలి.

అసలు చిక్కు బీ-ఫ్రేములు (ముందూ వెనకా ఉన్న ఫ్రేములు రెండింటినీ చూసేవి). వెక్టర్ వెనక్కి చూస్తోందా ముందుకా అన్నది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చెబుతుంది, ఎన్ని ఫ్రేముల దూరమో చెప్పదు. దూరం తెలియకుండా పొడవును వేగం అనుకోకూడదు. బీ-ఫ్రేములు సున్నా, రెఫరెన్స్ (పోల్చి చూసే పాత ఫ్రేము) ఒకటి పెట్టి మళ్లీ ఎన్‌కోడ్ చేయండి. ఎక్స్264 అనే హెచ్.264 ఎన్‌కోడరులో హెక్స్ పద్ధతి వెతుకులాట పరిధి 16 పిక్సెళ్లకు మించదు. గూటిలోంచి ఒక్కసారిగా లేచే పక్షి అంతకంటే దూరం దూకితే ఇంట్రా బ్లాకుగా (పాత ఫ్రేముతో పోల్చకుండా దాచేది) మారి వెక్టర్ లేకుండా పోవచ్చు. యూఎంహెచ్ అనే వెతుకులాట పద్ధతి పెట్టి పరిధి 32 ఇవ్వండి. పీ-ఫ్రేములో (పాత ఫ్రేములనే చూసేది) ఇంట్రా బ్లాకులు గుంపుగా కనిపిస్తే వాటినీ పక్షులేమోనని అనుమానించండి.

బొంకులదిబ్బ:
థ్రెషోల్డ్‌తో కొమ్మలు పోవు మాస్టారూ. కొమ్మ ఊగి మళ్లీ మొదటి చోటికే వస్తుంది, ఎగిరే కొంగ రాదు. ఒక్కో బ్లాకు దగ్గర 50 ఫ్రేముల వెక్టర్లను దిశతో సహా కూడి, వచ్చినదాని పొడవును విడివిడి పొడవుల మొత్తంతో భాగించండి. కొమ్మకు సున్నా దగ్గర, పక్షికి ఒకటి దగ్గర వస్తుంది. ఆ 50 ఫ్రేముల్లో కొమ్మ కనీసం ఒక పూర్తి ఊపు ఊగాలి, చిన్న గాలికి సరిపోకపోతే 75 చేయండి. కొమ్మ ముందునుంచే పక్షి దాటితే రెండూ కలిసి విలువ పడిపోతుంది. అక్కడ బ్లాకును కాక, వెక్టర్ చూపిన దారిని ఫ్రేము ఫ్రేముకీ పట్టుకుని కూడాలి.

వెక్టర్లతో అంచులు రావు, బ్లాకులే వస్తాయి. ఆకారానికి ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలో, బ్యాక్‌గ్రౌండును నేర్చుకుని మిగతాదాన్ని వేరు చేసే ఎంఓజీ2 వాడండి. దాని డిఫాల్ట్ హిస్టరీ (గుర్తుపెట్టుకునే నిడివి) 500 ఫ్రేములు, అంటే మీ వీడియోలో 20 సెకన్లు. గూట్లో కదలక కూర్చున్న పక్షి కాసేపటికి బ్యాక్‌గ్రౌండులో కలిసిపోయేది అందుకే. లర్నింగ్ రేటు (బ్యాక్‌గ్రౌండును నేర్చుకునే వేగం) బాగా తగ్గించండి. నీడలు 127 విలువతో వస్తాయి, 200 పైన ఉన్నవే ఉంచండి.

టెక్కలి కెమెరా:
దారి దొరికింది, ధన్యవాదాలు. ఈ మాస్క్‌తో పక్షులకే ఎక్కువ బిట్లు ఇవ్వొచ్చా?

నాగావళి గట్టు:
ఇవ్వొచ్చు. వస్తువును దాని ఆకారంతోనే విడిగా కోడ్ చేసే పద్ధతి 1999 నాటి ఎంపెగ్-4 రెండో భాగంలో ఉండేది, 2003లో వచ్చిన హెచ్.264 దాన్ని తీసుకోలేదు. ఇప్పుడు చేయగలిగింది బ్లాకుకో క్వాంటైజర్ (ఎంత వివరం వదిలేయాలో చెప్పే విలువ) మార్చడమే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో యాడ్‌ఆర్‌ఓఐ ఫిల్టరుకు మైనస్ విలువ ఇస్తే ఆ చోట నాణ్యత పెరుగుతుంది. మైనస్ 0.1తో మొదలుపెట్టండి. ఎక్స్264లో ఏక్యూ (బ్లాకును బట్టి క్వాంటైజర్ సర్దడం) ఆపేసి ఉంటే ఇది పనిచేయదు. ఆ ఫిల్టరు కదలని దీర్ఘచతురస్రాన్నే తీసుకుంటుంది, గూళ్లకు చాలు. ఎగిరేవాటికి ప్రతి ఫ్రేముకీ సైడ్ డేటాగా (ఫ్రేముతో పాటు వెళ్లే అదనపు సమాచారం) ప్రోగ్రాంలోంచి జతచేయాలి. మాస్క్‌ను చుట్టూ ఒక బ్లాకు, అంటే 16 పిక్సెళ్లు, పెంచి ఇవ్వండి. లేకపోతే రెక్కల కొసల దగ్గర గళ్లు కనిపిస్తాయి.