సమ్మరీ టేబుల్ల ఖాళీ గడులు కనబడాల్నా, వద్దా?

నర్సంపేట పోరడు: పత్తి రైతుల సర్వే డేటా సాస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ల టేబుల్ చేస్తున్న. మండలం వారీగ దిగుబడి మంచిగనే వచ్చింది. తర్వాత క్లాస్ లైన్ల (ఏ కాలమ్ వారీగ గుంపులు చెయ్యాల్నో రాసే లైను) నీళ్ల వసతి కూడ పెట్టిన, అంతే, మండలం మొత్తాలే తగ్గినయ్! నీళ్ల వసతి గడి ఖాళీగ ఉన్న రైతును ప్రాక్ టాబ్యులేట్ (సాస్‌ల టేబుల్ చేసే కమాండ్) పూరాగ తీసేస్తదట, మండలం రాసి ఉన్నా, దిగుబడి రాసి ఉన్నా సరే. ఇదేం పద్ధతి అన్నా?

హన్మకొండ లెక్కలాయన: మిస్సింగ్ అని ఒక్క ఆప్షన్ రాస్తే ఖాళీలు కూడ ఓ గుంపుగ లెక్కకొస్తయ్, అయిపాయె గద తమ్మి. మాన్యువల్ల సాఫ్ రాసే ఉన్నది. కని ఖాళీలకు ఓ వరుస పెట్టి రిపోర్ట్ ఇస్తే చూసేటోళ్లు "గిదేంది" అని గదే పట్టుకుంటరు.

పర్కాల అక్క: అడగనియ్ అన్నా, అడగాలనే గద. మా దిక్కు నీళ్ల కాలమ్ ఖాళీ వదిలేటోళ్లు ఎక్కువ కౌలు రైతులే, బోరు పట్టాదారుది, మరి ఏం రాయాల్నో తెల్వక వదిలేస్తరు. వాళ్లను తీసేస్తే మిగిలింది భూమి ఉన్నోళ్ల సగటు, పైన హెడ్డింగేమో "మండల రైతుల దిగుబడి". సాస్ ఒక్కటే కాదు, ఆర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ల మీన్ (సగటు) అడిగితే ఎన్ఏ (విలువ లేదు) అని మొహం మీదనే చెప్తది, గదే ఆర్‌ల టేబుల్ ఫంక్షన్ ఖాళీలను చప్పుడు చెయ్యకుంట వదిలేస్తది. పైథాన్‌ల పాండాస్ అనే లైబ్రరీల గుంపులు చేసే గ్రూప్‌బై కూడ గంతే, ఖాళీలు తీసెయ్యొద్దని డ్రాప్ఎన్ఏ ఫాల్స్ అని నువ్వే చెప్పాలె. ఇంకోటి, ఒక ఊరి దిగుబడి గడులన్నీ ఖాళీ ఉంటే పాండాస్ల మొత్తం సున్నా వస్తది, చూసినోడు పంట పోయిందనుకుంటడు.

హన్మకొండ లెక్కలాయన: సరే, మరి శాతాల సంగతేంది? 100 మందిల 40 మందికి బోరు, 20 మంది రాయలే. ఖాళీలు కలిపితే 40 శాతం, తీస్తే 50. నువ్వు మిస్సింగ్ పెట్టి 40 అని అచ్చేస్తే ఆ 20 మందికి బోరు లేదన్నట్టే చదువుతరు. ఇది తప్పు కాదా?

పర్కాల అక్క: ఎస్పీఎస్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీక్వెన్సీ టేబుల్ల పర్సెంట్ (ఖాళీలు కలిపి), వాలిడ్ పర్సెంట్ (ఖాళీలు తీసి) రెండూ పక్కపక్కనే వస్తయ్ గద, గట్ల ఇయ్యుమంటున్న. దాచుడెందుకు?

నర్సంపేట పోరడు: మిస్సింగ్ పెట్టిన అక్కా, మొత్తాలు కలిసినయ్. కని 5 క్వింటాళ్ల కన్న తక్కువ వచ్చినోళ్లను వేరే తీస్తుంటే దిగుబడి రాయనోళ్లు కూడ అండ్ల చేరుతున్నరు, ఇదేంది?

హన్మకొండ లెక్కలాయన: సాస్‌ల ఖాళీ అంటే అన్ని అంకెల కన్న చిన్నది. స్టేటా అనే సాఫ్ట్‌వేర్ల ఉల్టా, అన్నిటి కన్న పెద్దది. ఖాళీ కాదు అనే షరతు కూడ కలుపు.