జీతంలో పాతిక శాతం భరణం ఖాయమా?

కూకట్‌పల్లి నుంచి, అక్క తరఫున అడుగుతున్నా. పాప పుట్టాక టీచర్ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు విడాకుల కేసు నడుస్తోంది. చుట్టాలేమో పాతిక శాతం ఖాయమంటున్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బావేమో, బీఈడీ ఉందిగా, రూపాయి కూడా ఇవ్వనంటున్నాడు. ఒకటే టెన్షన్.

జవాబు: పాతిక శాతం చట్టంలో ఎక్కడా లేదండీ. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అన్నమాటను అందరూ పట్టుకున్నారు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఇద్దరి ఆదాయం, ఆస్తులు, ప్రవర్తన చూస్తారు. 2020లో రజనీష్-నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. బావగారి పే స్లిప్పులు, ఈఎంఐలు అన్నీ బయటికొస్తాయి.

ఇంకొకరు: డిగ్రీ ఉన్నంత మాత్రాన భరణం ఎగ్గొట్టలేరు. పాప కోసం ఉద్యోగం మానేసిన సంగతి అఫిడవిట్‌లో రాయించండి. కేసు తేలేదాకా అదే చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడగొచ్చు. అప్లికేషన్ వేసిన తేదీ నుంచే లెక్కకడతారు, ఆలస్యం చేయకండి.

అడిగినవారు: థాంక్సండీ. సోమవారమే లాయర్‌ని కలుస్తాం.