పాత ఊళ్లో మద్రాస్ టెర్రస్ ఇల్లు: ఫాల్స్ సీలింగ్ వేయమంటున్నారు, వేయొచ్చా?

పాత ఊరి కోడలు:
మాది తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర సన్న వీధిలో ఇల్లు. వీధి వైపు 14 అడుగులే, లోపలికి మాత్రం 70 అడుగులు పోతుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలు. ముందు అరుగు, పడసాల, మధ్యలో పైకప్పు లేని తొట్టి, వెనక వంటిల్లు, పెరడు. పైన టేకు దూలాలు, వాటి మీద నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు, సున్నం, దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. మా మామగారి నాయన కట్టించినాడు.

అత్తకు 78 ఏళ్లు. రాత్రిపూట పెరట్లోని బాత్రూమ్ దాకా నడవలేకపోతోంది. మా అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు, వాడికి ఏసీ గది కావాలి. డిజైనర్ వచ్చి చూసి ఫాల్స్ సీలింగ్ వేద్దాం, గోడలకు పుట్టీ పెడదాం, ఎర్ర గచ్చు పగలగొట్టి టైల్స్ పరుద్దాం, తొట్టి మీద స్లాబ్ పోద్దాం, అరుగు తీసి బండ్లకు జాగా చేద్దాం అనింది. ఆమె చూపించిన బొమ్మలు బాగానే ఉన్నాయి. వాటిలో మా ఇల్లు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఆ అరుగు మీద కూర్చునే అత్త రోజూ పూలు కడుతుంది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. 2021 నవంబరు వానలకు పడసాల గోడ నాని పెచ్చులూడితే నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు పూయించినాము. ఇప్పుడు తేమ ఆరడుగుల దగ్గర కనిపిస్తోంది, తెల్లగా ఉప్పు తేలుతోంది. కూలగొట్టి కట్టుకోమని మాత్రం చెప్పకండి.

సున్నం మేస్త్రి కొడుకు:
అక్కా, ముందు ఆ సిమెంటు తీయించండి. పాత గోడల కింద తేమను ఆపే పొర ఉండదు, నేలలో చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గార అయితే దాన్ని అక్కడికక్కడే ఆరనిస్తుంది. సిమెంటు దారి మూసేసింది కాబట్టి చెమ్మ ఇంకా పైకెక్కి బయటపడింది. పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ చేసేదీ అదే. సిమెంటు కొట్టేశాక గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, తర్వాతే గార పూయించండి.

మా నాయన గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లు కలిపేవాడు. మిద్దె పైన ఇటుక జల్లి, సున్నం పోసి ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. ఆ చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. చంద్రగిరి రాజమహల్‌ను చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టినారు. మీ మేస్త్రిని ఒకసారి అక్కడికి తీసుకుపోయి చూపించండి.

ఫాల్స్ సీలింగ్ వద్దే వద్దు. దూలం ముందు పుచ్చేది గోడలోకి దూరిన కొస దగ్గర. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే ఆ కొస పోయినట్టే. బోర్డు కప్పేస్తే చెదలు పట్టినా, వాన కారినా మీకు తెలియదు.

చిత్తూరు ఆర్కిటెక్ట్:
పైన చెప్పింది నిజం. నా పద్ధతి ఒకటే: కొత్తగా పెట్టేది ఏదైనా పాత గోడకు గాయం చేయకుండా రేపు తీసేయగలిగేట్టు ఉండాలి. అబ్బాయికి పడసాల వెనక గదిలో చెక్క, గ్లాసుతో ఎనిమిదడుగుల ఎత్తు క్యాబిన్ కట్టించండి, గోడలకు జానెడు ఎడంగా. అంత ఎత్తు గదినంతా చల్లబరచాల్సిన పని ఉండదు, దూలాలూ కనబడతాయి. ఏసీ నీళ్ల పైపు మాత్రం గోడ మీద కారకుండా నేరుగా కాలువలోకి పోవాలి.

తొట్టి మీద స్లాబ్ పోస్తే వేడిగాలి పోయే దారి ఉండదు, మే నెలలో ఇంట్లో కూర్చోలేరు. గ్రిల్ వేసి, దానికి అడుగున్నర పైన గ్లాసు పెట్టి పక్కలు తెరిచి ఉంచండి. కోతులు రావు, వాన పడదు. వైరింగ్ గాడి కొట్టకుండా గోడ పైనే పోనివ్వండి. గచ్చులో పగుళ్లను రెడ్ ఆక్సైడ్‌తోనే పూడ్చవచ్చు. వంటగట్టుకు మన కుప్పం గ్రీన్ గ్రానైట్ ఆ ఎరుపు పక్కన చాలా బాగుంటుంది.

అమ్మగారి బాత్రూమ్ ఆమె గదిని ఆనుకుని పెరటి వైపు కట్టండి. దాని గోడలు దానికే ఉండాలి, పాత గోడ మీద బరువు గానీ పైపు గానీ వేయొద్దు.

బుగ్గ వీధి:
అరుగు తీయొద్దమ్మా. మేము తీసి బండి పెట్టుకున్నాము. ఆ ఏడాది వానకు వీధిలో నీళ్లు నేరుగా పడసాలలోకి వచ్చినాయి. అంతకు ముందు అరుగు దాటి ఎప్పుడూ రాలేదు.

పాత ఊరి కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం మా అబ్బాయి నిచ్చెన వేసుకుని ప్రతి దూలమూ గుచ్చి చూసినాడు. రెండు కొసలు మెత్తగా దిగినాయి, రెండూ ఆ వానలకు కారిన మూలవే. వాటి కింద ఇప్పటికి ఇనుప స్టాండు నిలబెట్టినాము, చెక్క పని వాళ్లు వచ్చి చూస్తామన్నారు. డిజైనర్‌కు ఫోన్ చేసి అరుగు, తొట్టి, గచ్చు ముట్టుకోవద్దని చెప్పినాను. క్యాబిన్ బొమ్మ గీసిస్తానన్నది. తిరుపతి చుట్టుపక్కల గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి ఉంటే చెప్పండి, సిమెంటు కొట్టడం రేపు మొదలుపెడుతున్నాము.

ఇదంతా అత్తకు చదివి వినిపించినాను. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టమనింది. లోపల పడిపోతే తలుపుకు అడ్డం పడతానేమో అని భయపడుతోంది.