గ్రావెల్ పోసి మెరక చేసిన పెరట్లో కూరగాయలు పండుతాయా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. స్థలం పల్లంలో ఉందని ఇల్లు కట్టేముందు మూడడుగులు ఎర్ర గ్రావెల్ పోయించి రోలర్ తిప్పించాం. ఇప్పుడు పెరట్లో గునపం వేస్తే ఖంగుమంటోంది. రెండుసార్లు బెండ, వంగ వేశాను. జానెడు ఎదిగి, ఆకులు పసుపెక్కి ఆగిపోయాయి. ఒక మొక్క పీకి చూస్తే వేరు రాయికి తగిలి పక్కకి తిరిగిపోయింది. చుట్టూ అంత మంచి నేల ఉండి, మా పెరట్లో తోటకూర కూడా రాకపోతే బాధగా ఉందండి. గ్రావెల్ అంతా తవ్వించేయాలా?

జవాబు: తవ్వించకండమ్మా. డబ్బూ దండగ, వానాకాలంలో ఆ గుంటలో నీళ్ళూ నిలుస్తాయి. మాదీ రావులపాలెం వైపు ఇలాంటి పెరడే. గ్రావెల్‌ని అడుగున ఉంచి, దాని మీద మట్టి కట్టుకున్నాం.

ముందు మడి వేసేచోట గునపంతో జానెడు లోతు కుళ్ళగించండి. రోలర్ తొక్కిన గ్రావెల్‌లోకి నీరు ఇంకదు. ఈ పని మానేస్తే మడి తొట్టిలా నిండి వేళ్ళు కుళ్ళిపోతాయి. తర్వాత మట్టి. వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేశాక పూడిక తీస్తారు కదా, ఆ ఒండ్రుమట్టి దొరికితే తెచ్చుకోండి. తడి మీద మాత్రం కలపకండి, ఇటుక మట్టిలా పిసికినట్టయి గట్టిపడుతుంది. ఎండనివ్వండి. గడ్డ వేళ్ళ మధ్య నొక్కితే పొడిగా రాలాలి, అప్పుడు కలపాలి. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. పచ్చి పొట్టు వేస్తే కుళ్ళే క్రమంలో మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది. రెండుమూడు నీళ్ళు కడిగి, పేడనీళ్ళు చల్లి, కొన్ని నెలలు మాగబెట్టిందే వాడండి. ఆకుకూరలకు అడుగు మందం చాలు. వంగ, టమాటాలకు అడుగున్నర ఉండాలి.

ప్రశ్న: చాలా థాంక్సండి. చేపల చెరువు మట్టి ఊరికే ఇస్తామంటున్నారు, వేయొచ్చా? మడి చుట్టూ పాత కొబ్బరి దుంగలు పెడదామనుకుంటున్నాం.

జవాబు: ఉప్పునీటి చెరువుదైతే వద్దే వద్దు. ఆరిన మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఉప్పే. మంచినీటి చెరువుదైనా మట్టి పరీక్ష చేయించాకే వేయండి.

దుంగలు కూడా పెట్టకండి. కుళ్ళే కొబ్బరి మానులో, పెంటపోగులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. రేపు మీ కొబ్బరిచెట్ల మొవ్వులే తినేస్తుంది. పాత ఇటుకలు పేర్చండి చాలు. తెచ్చిన ఎరువు కూడా ఒకసారి తిరగేసి చూడండి. బొటనవేలంత లావున, వంకర తిరిగి పడుకున్న తెల్ల పురుగులు కనిపిస్తే అవి దాని పిల్లపురుగులే, ఏరేయండి.

మడి సిద్ధమయ్యాక మొదటి పంటగా జనుము చల్లండి. నలభై, యాభై రోజులకు పూతకొస్తుంది. అప్పుడే కోసి ఆ మట్టిలోనే కలిపేయండి. ముదిరితే కాడ నారెక్కి తొందరగా కుళ్ళదు. కలిపిన రెండుమూడు వారాలకు వంగనారు నాటుకుని, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి పరవండి.