ఫ్రాన్స్‌లో పది రోజులు: పాస్ కొని దేశమంతా తిరగడమా, కొండ లైన్ల మీదే ఉండడమా?

అరకు పాసింజర్ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. జూన్‌లో నేనూ మా ఆవిడా పది రోజులు ఫ్రాన్స్ వెళ్తున్నాం. దిగేదీ ఎక్కేదీ పారిస్‌లోనే. ఊరు చూడడానికి రెండు రోజులు, మిగతాదంతా రైళ్లకే అని ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. వీసా ఫైల్‌లో రోజువారీ ప్లాన్, హోటల్ బుకింగ్‌లు పెట్టాలి కాబట్టి ఈ నెలలోనే తేల్చుకోవాలి.

నా స్నేహితుడు యూరైల్ ఫ్రాన్స్ పాస్ (ఎంచుకున్న రోజుల్లో దేశమంతా రైళ్లెక్కే టికెట్) తీసుకోమంటున్నాడు. స్ట్రాస్‌బూర్, బోర్డో, మార్సెయ్, నీస్ అన్నీ టీజీవీల్లో (అక్కడి హైస్పీడ్ రైళ్లు) చుట్టేసి రమ్మంటాడు. నా మనసు మాత్రం చిన్న లైన్ల మీదే ఉంది: పిరనీస్ కొండల్లో పసుపు రైలు, క్లెర్మాన్-ఫెరాన్ నుంచి నీమ్ దాకా సెవెనోల్ లైను, నీస్ నుంచి దీన్య వెళ్లే మీటర్‌గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పు) లైను. ఇవన్నీ ప్రాంతీయ రైళ్లు. వాళ్లు టీఈఆర్ అంటారు. నీస్–దీన్య లైను మాత్రం ఫ్రాన్స్ జాతీయ రైల్వే ఎస్ఎన్‌సీఎఫ్‌ది కాదు, దాని స్టేషన్ కూడా నీస్‌లో వేరే చోట ఉంది.

కొత్తవలస–కిరండూల్ లైను పక్కన పెరిగినవాణ్ని. సొరంగం దాటగానే లోయ కనబడే రైలంటే నాకు ప్రాణం. అలాగని అంత దూరం వెళ్లి టీజీవీ వదిలేస్తే తప్పు చేసినట్టవుతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

డీజిల్ షెడ్ (కాజీపేట)

తప్పే అన్నా. రైళ్ల మీద ఇష్టం ఉన్నవాడు ఫ్రాన్స్ వెళ్లి టీజీవీ ఎక్కకుండా ఎలా వస్తాడు? కొండ లైన్లు స్విట్జర్లాండ్‌లో ఉన్నాయి, మన ఊటీలోనూ ఉన్నాయి. 1981లో పారిస్–లియాన్ హైస్పీడ్ లైను తెరిచి, ఈ పద్ధతి నడుస్తుందని యూరప్‌కు చూపించింది మాత్రం ఫ్రాన్స్.

ఆ లైను ఎలా కట్టారో ఒకసారి చూడండి. మొదటి పారిస్–లియాన్ లైన్లో ఒక్క సొరంగం లేదు. ఇంజన్లకు బలం ఉంది కదా అని వెయ్యి మీటర్లకు 35 మీటర్లు ఎక్కే వాలుతో పట్టాలను నేరుగా కొండ మీదికి ఎక్కించేశారు. పాత లైన్లో ఎవరూ ఊహించని వాలు అది. రెండు పెట్టెలకూ కలిపి మధ్యలో ఒకే చక్రాల చట్రం ఉంటుంది, అందుకే రైలంతా ఒకే ముక్కలా సాగుతుంది. పట్టాల పక్కన సిగ్నల్ దీపాలు ఉండవు, ఆ వేగంలో కంటికి ఆనవు కాబట్టి సమాచారమంతా క్యాబిన్‌లోకే వస్తుంది. 2007 ఏప్రిల్ 3న గంటకు 574.8 కిలోమీటర్ల రికార్డు కొట్టింది కూడా ఈ ఇంజనీరింగే.

పాస్ తీసుకోండి, తిరగండి. పది రోజుల్లో రెండు లోయలు చూసి వస్తే మళ్లీ అవకాశం ఎప్పుడొస్తుంది?

గరోన్ ఒడ్డు (తులూజ్)

ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. టీజీవీ గొప్పతనం మీద నాకు పేచీ లేదు. పాస్ గురించి మాత్రం చెప్పాలి.

టీజీవీలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా డబ్బు కట్టాలి. పాస్‌వాళ్లకు కేటాయించే సీట్లు కూడా పరిమితమే, జూన్‌లో త్వరగా అయిపోతాయి. కాబట్టి 'ఎప్పుడైనా ఎక్కొచ్చు' అన్న స్వేచ్ఛ టీజీవీ దగ్గరికొచ్చేసరికి ఉండదు. టీఈఆర్‌లో కథ వేరు. చాలా ప్రాంతాల్లో రిజర్వేషనే లేదు, ఆ రోజు పొద్దున కొన్నా దాదాపు అదే ధర. పసుపు రైలు మొత్తం 63 కిలోమీటర్లు. అంత చిన్న ప్రయాణానికి పాస్‌లో ఒక రోజు ఖర్చు పెట్టుకుంటే ఏం గిట్టుబాటు? చిన్న లైన్లకు పాస్ దండగ, పెద్ద లైన్లకు పాస్ ఉన్నా ఇంకా కట్టాలి. మీ పది రోజులకు విడి టికెట్లే మేలు.

ఇంకో మాట. టైంటేబుల్‌లో కొన్ని వరసల పైన 'కార్' అని ఉంటుంది. మన అర్థంలో కారు కాదది, బస్సు. రైలు నంబర్ల మధ్యలోనే కలిపి రాసేస్తారు. యాప్‌లో కూడా బొమ్మ చూడకుండా నొక్కేస్తే బస్సు టికెట్టే చేతికొస్తుంది. లైను కోసం వెళ్తూ రోడ్డు మీద కూర్చుంటే ఎంత బాధో నాకు తెలుసు.

గుంతకల్లు జంక్షన్

బాబూ, నేను సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. గుంతకల్లు నుంచి గుంటూరు దాకా మీటర్‌గేజ్ మీద డ్యూటీ చేసినవాణ్ని. అదంతా బ్రాడ్‌గేజ్ అయిపోయింది, మంచికే అయింది. కానీ ఆ కొలత పట్టాల మీద రైలు ఊగే తీరు ఇంకా ఒంట్లోనే ఉంది. అందుకే మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పట్టుబట్టి పసుపు రైలు ఎక్కాను.

అది కూడా మీటర్‌గేజే. పక్కన మూడో పట్టా, అందులో 850 వోల్టుల డీసీ కరెంటు. ఆ కరెంటు కోసమే కొండ మీద బూయూజ్ దగ్గర డ్యాం కట్టి నీళ్లతో తీశారు. 1910లో నడక మొదలై, 1927కి లటూర్-ద-కరోల్ దాకా చేరింది. సగానికి పైగా స్టేషన్లలో రైలు తనంతట తాను ఆగదు. దిగాలంటే ముందే గార్డుకు చెప్పాలి, ఎక్కాలంటే ప్లాట్‌ఫాం మీద నిలబడి చెయ్యెత్తాలి.

ఎండాకాలంలో పైకప్పు లేని పెట్టె ఒకటి తగిలిస్తారు. అందులో కూర్చున్నా. బోల్కేర్ స్టేషన్ 1,593 మీటర్ల ఎత్తు, ఎస్ఎన్‌సీఎఫ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది. అక్కడి నుంచి దిగుడు మొదలైతే మోటారు బ్రేకు ఒకటే గుయ్యిమంటూ ఉంటుంది, చేతికింద కడ్డీ సన్నగా వణుకుతూ ఉంటుంది. జూలైలో కూడా స్వెటర్ వేసుకున్నా. ఎదురుగా జిస్‌క్లార్ వంతెన వచ్చేసరికి రైలు నెమ్మదించింది. తీగల మీద వేలాడే రైలు వంతెన అది. 1909లో పరీక్షా పరుగులో రైలు అదుపు తప్పి జరిగిన ప్రమాదంలో, దాన్ని రూపొందించిన ఆల్బెర్ జిస్‌క్లార్ కూడా పోయాడు. మరుసటి ఏడే లైను తెరిచారు. ఆ సంగతి తెలిసి దాటుతుంటే పెట్టెలో అందరూ కబుర్లాడుతున్నా నాకు మాట రాలేదు. చేతులు జోడించాను.

డీజిల్ షెడ్ బాబుకు ఒక మాట. టీజీవీ గొప్పది, కాదనను. కానీ ఫ్రాన్స్ రైల్వే మనకు ఇచ్చింది అంతకన్నా ముందుది. 1957లో మన రైల్వే 25 కిలోవోల్టుల ఏసీ విద్యుదీకరణ ఎంచుకున్నప్పుడు సలహాదారు ఎస్ఎన్‌సీఎఫ్. అది చూడాలంటే టీజీవీయే ఎక్కనక్కర్లేదు. తూర్పు వైపు వెళ్లే మామూలు రైలు ఎక్కితే చాలు. అటు వెళ్తే ఇంకో వింత: ఫ్రాన్స్‌లో రైళ్లు మనలాగే ఎడమ పట్టా మీద నడుస్తాయి. అల్సాస్‌లో మాత్రం కుడి. 1871 నుంచి 1918 దాకా అది జర్మనీ చేతిలో ఉంది మరి. పాత సరిహద్దు దగ్గర ఒక లైను రెండో దాని మీదుగా ఎక్కి దిగి పక్క మారుతుంది. ములూజ్‌లో యూరప్‌లోకెల్లా పెద్ద రైలు మ్యూజియం ఉంది, దానికి ఒక రోజు పెట్టుకో నాయనా.

రెండో ప్లాట్‌ఫాం (హైదరాబాద్)

అందరూ రైళ్ల గురించే మాట్లాడుతున్నారు, వెంట వెళ్లే ఆవిడ గురించి ఎవరూ అడగలేదు. నేనూ రైళ్లంటే ఇష్టపడేదాన్నే. మా అమ్మతో, పిల్లాడితో వెళ్లొచ్చాను.

టీఈఆర్‌లో ప్యాంట్రీ ఉండదు. ఐదు గంటల సెవెనోల్‌లో టీ అమ్మేవాళ్లు కూడా రారు. మధ్యాహ్నం చిన్న ఊళ్లో దిగితే దుకాణాలు మూసి ఉంటాయి, ఆదివారమైతే ఇంకా అన్యాయం. నేను పులిహోర కట్టుకుని వెళ్లాను, అదే ఆదుకుంది. రాత్రి రైలు ఎక్కేట్టయితే సెకండ్ క్లాస్‌లో ఒక గదికి ఆరు బెర్తులు, ఫస్ట్‌లో నాలుగు. ఒంటరి ఆడవాళ్లకు వేరే గది అడగొచ్చు. మీరిద్దరే కాబట్టి ఫస్ట్ తీసుకోండి, మర్నాడు మెలకువతో కిటికీ దగ్గర కూర్చోవాలి కదా.

రోజుకో హోటల్ మాత్రం వద్దు. పెట్టెలు మోసుకుంటూ లైన్లు చూడడం రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకు గొడవలే.

డీజిల్ షెడ్

తాతగారు చెప్పింది చదివాక పసుపు రైలు వద్దని అనలేను. కానీ అన్న ప్లాన్‌లో మూడు మూలల్లో మూడు లైన్లు ఉన్నాయి. ఒకటి స్పెయిన్ సరిహద్దు, ఒకటి దేశం నడుమ, ఒకటి ఇటలీ పక్కన. వాటి మధ్య దూరం తగ్గించేది టీజీవీయే కదా? అది లేకుండా టీఈఆర్‌లు మారుకుంటూ పోతే రోజులన్నీ కనెక్షన్లకే సరి.

గరోన్ ఒడ్డు

ఇక్కడ మీతో ఏకీభవిస్తాను. అందుకే మూడింటిలో ఒకటి వదిలేయాలంటున్నాను.

చిన్న లైన్ల మీద రోజుకు నాలుగైదు రైళ్లుంటే ఎక్కువ, సెవెనోల్‌లో చివరంటా వెళ్లేవి రెండు మూడే. ఒకటి తప్పితే సాయంత్రం దాకా ఆగాలి. ఒకసారి ఒక కొండ ఊళ్లో ఆఖరి రైలు రద్దయింది. స్టేషన్‌లో మనిషి లేడు, బోర్డు మీద రద్దని పడింది, అంతే. మూడేళ్ల పాపతో రెండు కిలోమీటర్లు నడిచి, కనబడిన మొదటి ఇంటి తలుపు తట్టాను. ఆ పెద్దావిడ పాపకు సూప్ పెట్టి, తన కారులో మమ్మల్ని పక్క ఊరి హోటల్‌కు చేర్చింది. ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఒకే రోజులో రెండు అరుదైన రైళ్లను కలిపి ప్లాన్ చేయను. ఆ రోజు ఆఖరి రైలు మీద ఆధారపడను.

సమ్మె సంగతి కూడా. 2007 చట్టం ప్రకారం సమ్మెలో పాల్గొనేవాళ్లు 48 గంటల ముందు చెప్పాలి, ఏ రైళ్లు నడుస్తాయో సంస్థ 24 గంటల ముందు ప్రయాణికులకు తెలపాలి. కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఐదు దాటాక యాప్ చూస్తే రేపటి బొమ్మ తెలుస్తుంది.

అరకు పాసింజర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా ఆవిడ కూడా పక్కన కూర్చుని చదివింది. పులిహోర మాట ఆవిడకు బాగా నచ్చింది.

నీస్–దీన్య వదిలేస్తున్నాను. మనసు ఒప్పుకోవడం లేదు కానీ మూడు మూలలన్న మాట నిజం. పాస్ తీసుకోవడం లేదు. పారిస్‌లో రెండు రోజులయ్యాక ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి రాత్రి రైల్లో లటూర్-ద-కరోల్. తర్వాత పసుపు రైలు, ఆ లైను కింది కొసన విల్‌ఫ్రాంష్‌లో రెండు రాత్రులు. పెర్పిన్యాన్ మీదుగా నీమ్, అక్కడి నుంచి సెవెనోల్ మీద లాంగోన్య దాకా, ఆ ఊళ్లో రెండు రాత్రులు. ఆఖర్న క్లెర్మాన్ మీదుగా పారిస్.

గరోన్ ఒడ్డు

రాత్రి రైలు మంచి ఎంపిక. తులూజ్ దాటాక తెల్లారుతుంది. జూన్‌లో ఆక్స్-లె-తెర్మ్ నుంచి పైకి వెలుతుర్లోనే వెళ్తారు, నిద్రపోవద్దు. మెరాన్స్ దాటాక రైలు కొండ లోపల గుండ్రంగా తిరిగి పైకి తేలుతుంది. లటూర్-ద-కరోల్‌లో దిగగానే స్టేషన్ మొత్తం నడిచి చూడండి. పసుపు రైలు మీటర్‌గేజ్, మీరు దిగిన 1,435 మిల్లీమీటర్ల గేజ్, బార్సిలోనా వైపు వెళ్లే 1,668 మిల్లీమీటర్ల స్పెయిన్ గేజ్, మూడూ ఒకే చోట ఉంటాయి.

లాంగోన్యలో రెండు రాత్రులు ఉండడం ఇంకా నచ్చింది. లాంజాక్ వైపు అలియే నది లోయలో కొంత దూరం రోడ్డు కూడా లేదు, పట్టాలూ నదీ మాత్రమే. 1870లో పూర్తయిన ఈ లైన్లో వందకు పైగా సొరంగాలున్నాయి. ఒక రోజు వెళ్లి రావడానికి, ఇంకో రోజు లోయలో నడవడానికి పెట్టుకోండి.

డీజిల్ షెడ్

నా మాట నేను మార్చుకోలేదు అన్నా. తిరుగు ప్రయాణంలో క్లెర్మాన్ నుంచి పారిస్ మామూలు ఇంటర్‌సిటీలోనే వస్తారు, అంటే పది రోజుల్లో ఒక్క గంట కూడా హైస్పీడ్ లైను మీద ఉండరు. పారిస్‌లో ఉన్న రెండు రోజుల్లో ఒక పూట లియాన్ వెళ్లి రండి, ఒక్కో వైపు రెండు గంటలే. టికెట్ మాత్రం ఇప్పుడే కొనండి, టీజీవీ ధర రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది.

గుంతకల్లు జంక్షన్

పోనీ, ఆ పిల్లాడి మాట కూడా విను బాబూ, ఒక పూటే కదా. నాకు మాత్రం ఒక పని చేసిపెట్టు. జిస్‌క్లార్ వంతెన దగ్గర ఆయన జ్ఞాపకార్థం కట్టిన గుర్తు ఒకటి ఉందని తర్వాత తెలిసింది. నేను వెళ్లినప్పుడు చూసుకోలేదు. కనబడితే ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టు.

అరకు పాసింజర్

తప్పకుండా పెడతాను తాతగారూ. లియాన్ టికెట్లు ఈ రాత్రికే చూస్తున్నాను.