అప్‌డేట్: కోచింగ్ లేకుండానే మా అమ్మాయి ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ రాసింది

న్యూయార్క్ నగరంలో పరీక్ష స్కోరును బట్టి సీట్లిచ్చే ప్రభుత్వ పాఠశాలలైన స్పెషలైజ్డ్ హైస్కూళ్ల ప్రవేశ పరీక్షకు (ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ) అప్పుడు ఏడో తరగతిలో ఉన్న మా అమ్మాయిని కోచింగ్‌లో చేర్చాలా, ఇంట్లోనే చదివించాలా అని కిందటేడాది మిమ్మల్ని అడిగాను. ఇంట్లోనే చదివించాము. మార్చిలో ఫలితాలు వచ్చాయి. ఆ పాఠశాలల్లో ఒకటైన బ్రూక్లిన్ టెక్‌లో సీటు లభించింది.

నగర విద్యాశాఖ ఉచితంగా ఇచ్చే నమూనా పరీక్షలనే ఆదివారాల్లో గడియారం ముందు పెట్టి రాయించాము. కాలిక్యులేటర్‌ను అనుమతించరు కనుక, మన ఇళ్లలో సహజంగా జరిగేట్టే, మొదటి మూడు నెలలూ లెక్కల మీదే పడ్డాము. తీరా చూస్తే మార్కులు పోతున్నది ఇంగ్లీషులో, అందులోనూ వాక్యాలను సరిదిద్దే ప్రశ్నల్లో. రెండు విభాగాల్లోనూ 57 చొప్పున ప్రశ్నలుంటాయి. మొత్తం 180 నిమిషాలను వాటి మధ్య ఎలా పంచుకోవాలన్నది విద్యార్థి ఇష్టం. అందుకే తనకు కష్టమైన ఇంగ్లీషుకే ఎక్కువ సమయం కేటాయించుకుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరని ఎన్నిసార్లు చెప్పినా, తెలియనివి ఖాళీగా వదిలే అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు.

ఏ పాఠశాల ముందు కావాలో, ఏది తర్వాతో రాసిచ్చే వరుస విషయంలో నేనే పొరబడబోయాను. ఆ పాఠశాలల్లోనే మరొకటైన స్టైవెసెంట్‌ను మొదట రాస్తే మిగతావి చేజారుతాయేమోనని భయపడ్డాను. స్కోరు క్రమంలో ఒక్కొక్కరినీ తీసుకుని, వారు రాసిన వరుసలో ఖాళీ ఉన్న మొదటి పాఠశాలను ఇస్తారు కనుక ఆ భయం అక్కర్లేదని మీలో ఒకరు ఓపికగా వివరించారు, వారికి కృతజ్ఞతలు.

ఇక మిగిలిన చిక్కల్లా క్వీన్స్ నుంచి రోజూ చేయవలసిన సబ్‌వే ప్రయాణమే.